పంకా బుట్టలు

దసరా వెళ్లిందంటే సెమిలిగుడలో
పంకా ఊసు ఎవరికీ ఉండదు.
సంత రోడ్డులో నా కొట్టునిండా
కాలిన కాయిళ్లు, విరిగిన రెక్కలు,
మేకులకి వేలాడే జాలీలు.
మనిషి మాత్రం రాడు.
సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి పద్దెనిమిదేళ్లు,
పద్దెనిమిది చలికాలాలూ నాకు ఖాళీయే.

పొట్టంగి పక్క తోటల్లో కూలికెళ్లే సుక్రి ముదులి
మిక్సీ బాగుచేయించుకుని
డబ్బులకి బదులు
తడిగోనెలో చుట్టిన ఆరు మొక్కలు బల్ల మీద పెట్టింది.
స్ట్రాబెరీలట.
నేలేది నాకు?
రెండు గదులు, ఒక వసారా,
వసారా దిగితే మురుక్కాలువ.
ఆవిడ నా వంక చూళ్లేదు,
మేకుల వంక చూసింది.

టేబుల్ ఫ్యానొకదానికి జాలీలు రెండు,
అంటే బుట్టలు రెండు.
పైడమ్మ కొబ్బరిపీచు విడదీసి
చిక్కుజుట్టు దువ్వినంత ఓపికగా లోపల పరిచింది.
ఎర్రమట్టి, మాగిన పేడ, గుప్పెడు ఏటి ఇసుక.
గాలికి ఊగిపోతాయేమోనని
నేను కుత్తుక దాకా పాతేశాను.
"బేకొ పొతొ నాయి!"
గొంతు పూడ్చకయ్యా అని అరుస్తూ వచ్చి
సుక్రి వేలితో మట్టి తోడి
ఆ చిన్న చిగురుముడిని పైకి తేల్చింది,
ఏట్లో మునిగిన గుంటని ఒడ్డుకి లాగినట్టు.

సీలింగు పంకా కొక్కేలకి తగిలించాను.
తూర్పు ఎండ తగిలే మూల.
కాలువలోంచి నత్తలు పాక్కుంటూ వచ్చి
గోడ మొదట ఆగిపోయాయి.
వాటిని చూసి నవ్వుకున్నాను.
నవ్విన వారానికే రెండు మొక్కలు కుళ్లాయి.
పొద్దుగూకాక నీళ్లు పోశాను మరి,
చలి మంచుతో కలిసి మొదలంటా తినేసింది.
అప్పట్నుంచి పొద్దున్నే
వేలు ఒక కణుపు లోపలికి గుచ్చి,
పొడి తగిలితేనే చెంబు ఎత్తడం.

తొలి పూలు విచ్చాయి.
తుంచేయమంది సుక్రి.
చెయ్యి రాలేదు. పైడమ్మని అడిగితే
"నువ్వే తుంచుకో, పాపం నాకెందుకు" అంది.
రాత్రి పడుకుని ఆలోచించాను.
కొత్తగా చుట్టిన మోటారుని
మొదటిరోజే అయిదో నంబరు మీద పెడతానా?
తెల్లారి తుంచాను.
అరచేతిలో నాలుగు తెల్లపూలు,
వాసన లేదు, బరువూ లేదు,
ఎక్కడ పారేయాలో తెలీక జేబులో వేసుకున్నాను.

పుష్యంలో ఒక కాయ ఎర్రబడింది.
నాకన్నా ముందు పిగిలిపిట్ట చూసింది.
మిగిలిన సగాన్ని మా లోచన నాలుగు చేసింది.
గింజలు లోపల దాచుకోడం రాదేటి నాన్నా దీనికి, అంది.
పైడమ్మ ఉప్పూకారం అద్దుకుంది.
నాకు పులుపు ఒక్కటే తెలిసింది,
తరవాత చాలాసేపటికి
నాలిక చివర మరింకేదో.

పిట్ట కోసం
మరో జాలీ తెచ్చి బుట్ట మీద బోర్లించి
క్లిప్పులు నొక్కాను.
టక్కుమంది.
నా చేతులకి బాగా తెలిసిన చప్పుడు.
రెక్కలు తిరగాల్సిన చోట
ఆకులు, మూడు పళ్లు.

మార్చి రెండో వారం
త్రినాథ్ పాణిగ్రాహి గారు ఫ్యాను చంకన పెట్టుకుని వచ్చారు.
ఈ సీజనుకి మొదటి బేరం.
"దీని ముందు జాలీ నిరుడు నీ దగ్గరే ఒగ్గేశాను, తియ్యి" అన్నారు.
నేను పైకి చూశాను.
ఆయనా చూశారు.
జాలీ సందుల్లోంచి ఒక తీగ జారి,
కొసన బుల్లి పిలక
గాల్లో వేళ్లు చాపుకుని మట్టి వెతుక్కుంటోంది.
సంత రోజుకి వేరే జాలీ తెప్పిస్తానన్నాను.
ఆయన పలకలేదు.
కరెంటు లేకుండా
నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతున్న బుట్టని
తలెత్తి చూస్తూ నిలబడి
చివరికి అడిగారు,
"ఆ పిలక, పాలడబ్బాలో బతుకుతుందా?"
గొంతు పూడ్చకపోతే బతుకుతుందండీ, అన్నాను.